కుంపటి మీద పాదరసం, వేళ్లలో వణుకు

బంగారం పనిచేసే చోట నేల ఊడ్చిన చెత్తకు కూడా ధర ఉంటుంది. ఆకురాయి రజను, మూస పెంకులు, చేతులు కడిగిన నీళ్ల అడుగు మడ్డి అన్నీ పోగేసి అమ్ముతారు. కొన్నవాళ్లు ఆ మట్టిని కడిగి, మిగిలిన మడ్డిలో పాదరసం పోసి నలుపుతారు. బంగారం నలుసులు అందులో కలిసి ముద్దవుతాయి. గుడ్డలో వేసి పిండి, మిగిలిన బూడిదరంగు ఉండను మూసలో పెట్టి కాలుస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బంగారం 1064 దాకా కరగదు. కాబట్టి పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. కుంపటి ఊదే మనిషి దాన్ని పీలుస్తున్నట్టు కూడా తెలియదు.

పాదరసం మింగితే జనం హడలిపోతారు, పీలిస్తే పట్టించుకోరు. శరీరం లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. థర్మామీటరు నోట్లో పగిలి అందులోని పాదరసం పూస కడుపులోకి పోతే పేగులు పీల్చుకునేది పదివేలవంతు కూడా ఉండదు. అక్కడ గాజు ముక్కలతోనే ఎక్కువ ముప్పు. ఆవిరిగా ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం 80 శాతం దాకా రక్తంలో కలుస్తుంది. విద్యుదావేశం లేని పాదరస పరమాణువు కొవ్వు పొరల్లోంచి సులువుగా దూరి మెదడులోకి చేరుతుంది. అక్కడ కెటలేజ్ అనే ఎంజైము దాన్ని ఆక్సీకరించి రెండు ధనావేశాల అయానుగా మారుస్తుంది. ఆవేశం వచ్చాక ఇక బయటికి రావడం కష్టం. ప్రోటీన్లలో గంధకం ఉన్న చోట అతుక్కుని వాటి పని చెడగొడుతుంది.

మొదట బయటపడేది వేళ్లలో. ఒళ్లో పెట్టుకున్నప్పుడు చెయ్యి బాగానే ఉంటుంది. కాఫీ గ్లాసు ఎత్తి నోటిదాకా తెచ్చేసరికి వణుకు పెరిగి, పెదవి దగ్గర తొణుకుతుంది. పార్కిన్సన్స్‌లో సాధారణంగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, పనిలో పెడితే తగ్గుతుంది. ఈ తేడా డాక్టరుకు చెప్పడం చాలా అవసరం. తెల్ల కాగితం మీద మణికట్టు ఆనించకుండా, నడుమ నుంచి బయటికి అయిదు చుట్ల సుడి గీయించి తేదీ వేసి దాచండి. నెలకోసారి గీయిస్తే గీత నునుపుగా ఉందో, పళ్లుపళ్లుగా వస్తోందో పోల్చి చూడొచ్చు. అయితే థైరాయిడ్ ఎక్కువైనా, సారా మానేసిన కొత్తలోనూ, ఆయాసానికి వాడే సాల్బుటమాల్ వల్లా ఇలాంటి వణుకే వస్తుంది. చిగుళ్లు వాచి రక్తం కారడం, నోట్లో నీళ్లూరడం కూడా తోడైతే పాదరసం మీద అనుమానం బలపడుతుంది.

తర్వాత మనిషి స్వభావమే మారుతుంది. నిద్ర పట్టదు, చిన్నమాటకే చిరాకు, కొత్తవాళ్లు వస్తే తప్పుకుంటాడు, పేర్లు గుర్తురావు. వెనకటి కాలంలో యూరప్, అమెరికాల్లో కుందేలు బొచ్చును పాదరసం నైట్రేటుతో పదునుచేసి టోపీలు కుట్టిన పనివాళ్లలో ఇదే కనిపించింది. అమెరికాలో ఆ పద్ధతి ఆగింది 1941లో. మన ఇళ్లలో దీన్ని కోపిష్టితనం అనుకుంటారు, లేదా తాగుడు మీదికి తోసేస్తారు.

తిరుపతి ఎండ ఈ ముప్పును ఇంకా పెంచుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 డిగ్రీల దగ్గర పాదరసం ఆవిరి ఒత్తిడి దాదాపు అయిదు రెట్లు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిని తీసుకోండి: సుమారు 28 ఘనమీటర్ల గాలి. పనిచోట గాలికి వాడే ఒక పరిమితి ఘనమీటరుకు 0.025 మిల్లీగ్రాములు. అంటే 0.7 మిల్లీగ్రాములు ఆవిరైతే గది ఆ హద్దుకు చేరుతుంది. జ్వరం చూసే థర్మామీటరులోనే దాదాపు ఒక గ్రాము ఉంటుంది. పాతకాలం బీపీ యంత్రంలో వంద గ్రాముల దాకా.

ఇంట్లో థర్మామీటరు పగిలితే చీపురు పట్టొద్దు. పూస చిట్లి వంద పూసలై ఆవిరయ్యే ఉపరితలం పెరుగుతుంది. పిల్లల్ని బయటికి పంపి, ఏసీ ఆపి, కిటికీ తెరిచి, మిగతా ఇంటివైపు తలుపు మూయండి. ఉంగరాలు, గాజులు తీసేయండి, బంగారానికి పాదరసం వెంటనే పడుతుంది. గ్లౌజులు వేసుకుని, టార్చి నేలకు ఆనించి అడ్డంగా వెలుగు వేస్తే పూసలు మెరుస్తాయి. రెండు అట్టముక్కలతో దగ్గరికి తోసి, డ్రాపరుతో పీల్చి, ప్లాస్టిక్ సీసాలో వేసి బిగించండి. సందుల్లోని నలుసులు టేపుకు అంటుకుంటాయి. తూములో పోయొద్దు, పడిన చాపను వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు.

ఇతర దారుల గురించి క్లుప్తంగా. తెల్లబరిచే కొన్ని క్రీముల్లో, రసకర్పూరం లాంటి మందుల్లో ఉండే పాదరసం లవణాలు ముందు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, అయినా వణుకు, నిద్రలేమి వాటితోనూ రావచ్చు. పాదరస లింగాన్ని పాలలో నానబెట్టి తాగమనే సలహా దయచేసి పాటించొద్దు. చేపల్లో ఉండేది మిథైల్ పాదరసం, దాని తీరే వేరు. జపాన్‌లో 1956లో వెలుగు చూసిన మినమాట జబ్బులో వేళ్లూ పెదవుల చుట్టూ తిమ్మిరి, తూలే నడక, ముద్దమాట, పక్కచూపు పోవడం ప్రధానం. చెరువు కట్ల, రోహులతో పెద్ద భయం లేదు. సొర లాంటి పెద్ద వేట చేపల్లో అది పేరుకుంటుంది.

పరీక్ష కూడా రకాన్ని బట్టి మారుతుంది. ఆవిరికీ లవణాలకూ మూత్రం, చేపల పాదరసానికి రక్తం లేదా వెంట్రుక. మూత్రాన్ని పనిచోట, పనిబట్టలతో పట్టొద్దు, దుమ్ము పడితే అంకె తప్పుతుంది. ఇంట్లో స్నానం చేశాక పట్టాలి. ఫలితాన్ని క్రియాటినిన్ (మూత్రంలో మామూలుగానే పోయే ఒక వ్యర్థం) గ్రాముకు లెక్కగట్టమనాలి. పనితో సంబంధం లేనివాళ్లలో మామూలుగా 5 మైక్రోగ్రాముల లోపే ఉంటుంది, 100 దాటితే వణుకు స్పష్టంగా కనిపించే అవకాశం ఎక్కువ. ముందుగా పాదరసాన్ని బయటికి లాగే మందు మింగించి మూత్రం తీసే పరీక్షలను నమ్మొద్దు, అంకె ఎవరికైనా పెరుగుతుంది. మెదడు స్కాన్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. చిత్తూరు నుంచి తిరుపతికో వేలూరుకో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం కాలుస్తారో, ఏ గదిలో, రోజుకెంతసేపో ఒక చీటీ మీద రాసుకుపోండి. అడగకపోయినా చెప్పండి.

చికిత్సలో మొదటి పని ఆ ఆవిరికి దూరం కావడం. డీఎంఎస్ఏ లాంటి మందులు మూత్రంలోకి పాదరసాన్ని లాగుతాయి గానీ, మెదడులో చిక్కుకున్నదాన్ని బయటికి తెస్తాయనడానికి ఆధారం బలహీనం. మిథైల్ పాదరసానికి డైమెర్కాప్రాల్ సూది వేయకూడదు, అది విషాన్ని మెదడువైపు నెట్టగలదు. ఆవిరి ఆగితే శరీరంలోని మోతాదు సుమారు రెండు నెలలకు సగమవుతుంది. వణుకు నెలల మీద తగ్గుతూ వస్తుంది. నిద్ర, జ్ఞాపకశక్తి కొందరిలో పూర్తిగా తిరిగి రావు.