నీటి బుడగలకు మందు రాయమంటున్నారా?

అపోహ: అండాశయంలో నీటి బుడగలున్నాయి, మందులతో కరిగించాలి.

కూతురికి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగా విడుదల కాని సమస్య) అని తేలాక, స్కానింగ్ రిపోర్టు బల్ల మీద పెట్టి అమ్మలు మొదట అడిగేది ఇదే. అవి కరిగించాల్సిన గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిన అండాల తిత్తులు. పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఎక్కువ తయారవుతుంది, అండాశయం చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, రెండు మూడు నెలలకోసారి వచ్చే నెలసరి అందుకే. మెడ వెనక నలుపును సున్నిపిండి పెట్టి రుద్దుతుంటారు. పాపం, అది మురికి కాదు. చాలామందిలో ఈ ఇన్సులిన్ తేడాకి గుర్తు.

సన్నగా ఉన్న అమ్మాయిలకూ పీసీఓఎస్ వస్తుంది. బరువు దాన్ని ముదిరేలా చేస్తుంది.

అపోహ: నెలసరి రాక, చెడు రక్తం లోపలే ఉండిపోయి లావైంది.

చెడు రక్తమంటూ ఏదీ ఉండదు. అండం విడుదల కాకపోతే, గర్భసంచి లోపలి పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారవదు. కొవ్వులో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ మాత్రం ఆ పొరను మందం చేస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ పొరలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. గర్భం కాదని తేలాక కూడా మూడు నెలలు నెలసరి రాకపోతే ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అని ఊరుకోకండి.

అపోహ: ఊబకాయం డబ్బున్నవాళ్ల జబ్బు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం, దేశం మొత్తమ్మీద 24 శాతం. ఇంతమందీ కోటీశ్వరులా? ఇంటికి మిక్సీ, వాషింగ్ మెషీన్, స్కూటీ వచ్చాయి. రావాల్సిందే, ఆడవాళ్ల నడుములు విరిగింది చాలు. కానీ పని తగ్గినా పళ్లెంలో అన్నం తగ్గలేదు.

అపోహ: రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే చాలు.

నాలుగు చపాతీలంటే అదీ పిండిపదార్థమే. పప్పు, గుడ్డు, కూర పెంచండి.

అపోహ: పూర్తిగా సన్నబడితేనే పిల్లలు పుడతారు.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిన పడుతుంది. అంటే 80 కిలోలుంటే 4 నుంచి 8 కిలోలు. వయసు 35 దాటితే బరువు తగ్గేదాకా ఆగొద్దు, బరువు, పిల్లల కోసం చికిత్స రెండూ కలిపే చూస్తాం.

అన్నట్టు, ఊబకాయం మగవాళ్ల వీర్యకణాలనూ దెబ్బతీస్తుంది. కోడలికి రాగి సంగటి, కొడుక్కి బిర్యానీ వడ్డించే అత్తగారూ, మీవాణ్ని కూడా ఒకసారి తీసుకురండి. ఆయన పరీక్ష ఇంకా సులువు.