ఒంట్లోకి తుప్పు ఎక్కిస్తారేటి?

మా మావయ్యది ఉద్దానం. అక్కడి చాలామందిలాగే ఆయనకీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇచ్ఛాపురం దాటితే మా బరంపురం గంట కూడా పట్టదు కాబట్టి, పరీక్షలంటే మా ఇంట్లోనే మకాం. మొన్న లివర్‌లో ఏదో మచ్చ ఉందని ఎమ్మారై రాశారు. స్కానింగ్ సెంటర్‌లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు చూసి, "కాంట్రాస్ట్ ఇవ్వం, మామూలుగానే తీస్తాం" అన్నారు. ఎందుకో చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఇంక ఆయనకి ఒకటే టెన్షన్, తన పని అయిపోయిందనుకున్నాడు పాపం.

సంగతి అది కాదు. కాంట్రాస్ట్ అంటే బొమ్మలో తేడాలు స్పష్టంగా కనబడేందుకు రక్తంలోకి ఎక్కించే మందు. మామూలుగా ఎమ్మారైలో వాడే కాంట్రాస్ట్‌లో గాడోలినియం అనే లోహం ఉంటుంది. విడిగా అయితే విషమే. అందుకే దాన్ని ఒక రసాయన పంజరంలో బంధించి ఎక్కిస్తారు, కిడ్నీలు ఆ పంజరాన్ని పంజరంగానే బయటికి తోసేస్తాయి. తోసే కిడ్నీలే నీరసపడితే మందు ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతుంది, కొన్ని పంజరాల్లోంచి లోహం జారిపోతుంది. కిడ్నీ రోగుల్లో చర్మం చెక్కలా బిగుసుకుపోయే ఒక జబ్బుకి మూలం ఇదేనని 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే ఉంగరం ఆకారపు పంజరాలు చాలా గట్టివి, వాటితో ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ. అయినా కొన్నిచోట్ల ఆ భయం పోలేదు.

దీనికి ప్రత్యామ్నాయం ఇనుము. ఇంకా సూటిగా చెప్పాలంటే తుప్పుకి దగ్గరి చుట్టం, ఐరన్ ఆక్సైడ్. ఈ మాట చెప్పగానే మావయ్య, "ఇనుమంటే తుప్పే కదరా, ఒంట్లోకి తుప్పు ఎక్కిస్తారేటి?" అన్నాడు.

తమాషా ఏమిటంటే ఈ రెండు లోహాలూ మా గంజాం తీరపు ఇసుకలోనే ఉన్నాయి. ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ అనే ప్రభుత్వ సంస్థ తవ్వే ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, మోనజైట్‌లో ఉండే అరుదైన లోహాల్లో గాడోలినియం ఒకటి, కాస్తే అనుకోండి. ఇక చిన్నప్పుడు మేము పాడైన స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని గోపాల్‌పూర్ ఇసుకలో దొర్లిస్తే నల్లటి రేణువులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని అంటుకునేవి. అలా గట్టిగా పట్టుకునేది మాగ్నెటైట్, ఇనుము ఆక్సైడే. మందులో ఉండేదీ దాదాపు ఆ పదార్థమే.

కాకపోతే ఇసుక రేణువంత ఉన్నదాన్ని రక్తంలోకి ఎక్కించలేం. అయస్కాంతమైన రేణువులు ఒకదాన్నొకటి లాక్కుని గడ్డకడితే సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. ఇక్కడే ప్రకృతి ఒక చిత్రమైన సాయం చేస్తుంది. మాగ్నెటైట్‌ని సుమారు 20 నానోమీటర్ల లోపుకి చిన్నది చేస్తే (మన వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు), మామూలు వేడికే దాని ఉత్తర దక్షిణ ధ్రువాలు క్షణక్షణానికీ తారుమారవుతూ ఉంటాయి. ఎమ్మారై యంత్రంలోకి వెళ్తే బలమైన అయస్కాంతం, బయటికి వస్తే ఏమీ ఎరగనట్టు ఉంటుంది. దీన్ని సూపర్‌పారామాగ్నెటిజం అంటారు. పైన డెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పూత పూస్తే ఇక అంటుకోవు. తయారీ కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రెండు రకాల ఇనుప లవణాలు ఒకటికి రెండు పాళ్లలో కలిపి క్షారం పోస్తే నల్లటి మడ్డి దిగుతుంది, 1981లో ఫ్రాన్స్‌లో మస్సార్ట్ అనే శాస్త్రవేత్త చూపించిన దారి ఇది. అన్నీ ఒకే సైజులో రాబట్టడమే కష్టం.

మరి బొమ్మలో ఏం జరుగుతుంది? తప్పెటగుళ్లు చూశారుగా, అందరూ ఒకే అడుగు, ఒకే దెబ్బ. ఎమ్మారైలో మన ఒంట్లో నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు అలా ఒకే లయలో తిరుగుతూ సిగ్నల్ ఇస్తాయి. మధ్యలో ఒకడు వేరే తాళం వేస్తే చుట్టూ ఉన్నవాళ్లంతా అడుగు తప్పుతారు కదా, ఇనుప రేణువు చేసేది ఆ పనే. తన కొలత కంటే చాలా దూరం దాకా లయ చెడగొడుతుంది, అక్కడ సిగ్నల్ పడిపోయి బొమ్మ నల్లబడుతుంది.

లివర్‌లో కుఫర్ కణాలని కొన్ని ఉంటాయి, రక్తంలో కొట్టుకొచ్చిన చెత్తని మింగడమే వాటి ఉద్యోగం. అవి ఈ రేణువుల్ని మింగేస్తాయి, బాగున్న లివరంతా నల్లబడుతుంది. క్యాన్సర్ గడ్డల్లో ఆ కణాలు ఉండవు లేదా బాగా తక్కువ, కాబట్టి గడ్డ తెల్లగానే మిగిలిపోయి పట్టుబడుతుంది. మింగిన ఇనుమేమో కరిగి శరీరపు ఇనుము ఖాతాలో కలిసిపోతుంది, చివరికి ఎర్రరక్తకణాల్లోకి చేరుతుంది. కిడ్నీతో పనే లేదు! నాకు ఈ విషయంలో నచ్చేది ఇదే.

ఇంత బాగుంటే మనకెందుకు దొరకదంటారా? ఫెరిడెక్స్ అనే లివర్ మందుకి అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. అరవై కిలోల మనిషికి అందులోంచి అందే ఇనుము 34 మిల్లీగ్రాములు, మన ఒంట్లో ఎలాగూ మూడు నాలుగు గ్రాములుంటుంది. కానీ అరగంట సేపు నెమ్మదిగా ఎక్కించాలి, కొందరికి నడుంనొప్పి వచ్చేది. పైగా నల్లటి చోటుని చూసి ఇది మందా, రక్తస్రావమా, గాలా అని తేల్చుకోవడం కంటే తెల్లగా మెరిసే గాడోలినియం బొమ్మ చదవడం తేలిక. దశాబ్దం తిరిగేసరికి అమ్మకాలు ఆగిపోయాయి. ఓడిపోయింది బజారులో, ప్రయోగశాలలో కాదు అని నా లెక్క.

తర్వాత కిడ్నీ రోగుల రక్తహీనతకి 2009లో అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ అనే ఇనుము మందుని డాక్టర్లు ఎమ్మారైకీ వాడటం మొదలెట్టారు. అది రక్తంలో చాలా గంటలు తిరుగుతుంది కాబట్టి రక్తనాళాలు చక్కగా కనబడతాయి. అయితే కొందరికి ప్రాణం మీదికొచ్చే అలర్జీ రావడంతో 2015లో గట్టి హెచ్చరిక చేర్చారు. నెలల దాకా తర్వాతి స్కాన్‌లనీ అది తికమక పెట్టగలదు.

మావయ్యకి ఇవన్నీ చెప్పి, రక్తం తక్కువైందని నీకు సెలైన్‌లో ఎక్కిస్తున్నారే ముదురు గోధుమరంగు ఐరన్ సుక్రోజ్, అది కూడా చక్కెరలో చుట్టిన తుప్పులాంటిదేనన్నాను. ఎమ్మారైలో పనికొచ్చేంత అయస్కాంతం దానికి లేదు, అంతే తేడా. ఆయన కాసేపు చెయ్యి వంక చూసుకుని, "అయితే ఆరు నెల్ల నుంచీ ఎక్కుతున్నదదేనా?" అని నవ్వాడు.