పొలం కింద చుట్టిళ్లు: బ్రిటన్ ఇనుప యుగపు ఇళ్లపై అపోహలు – వాస్తవాలు

అపోహ: పాత ఊరున్న చోట దిబ్బ ఉంటుంది.

మన పాటిదిబ్బలు చూసిన కళ్లకు అలాగే అనిపిస్తుంది. దక్షిణ ఇంగ్లండ్ పొలాల్లో మాత్రం నేల చాలాచోట్ల చదును. కర్ర, తడిక, మట్టి, గడ్డితో కట్టిన ఇళ్లు కుళ్లిపోయాయి. ఇంటి లోపలి నేలనూ పొయ్యినీ దుక్కి తినేసింది. అది అందని లోతులో ఉన్న గుంజల గుంతలు, చుట్టూ ఉన్న కాలవ మాత్రం మిగులుతాయి.

అపోహ: వాళ్లు గోతుల్లో బతికేవాళ్లు.

ఒకప్పుడు పండితులే నమ్మిన మాట. 1938–39లో సాలిస్‌బరీ దగ్గర లిటిల్ వుడ్‌బరీలో పురావస్తు శాస్త్రవేత్త గెర్హార్డ్ బెర్సు తవ్వాక అవి ధాన్యపు పాతర్లని తేలింది. ఇల్లు వేరే ఉంది, గుండ్రంగా, సుమారు 15 మీటర్ల వెడల్పున. మూతికి బంకమట్టి మెత్తితే అంచు గింజలు మొలకెత్తి ఆక్సిజన్‌ను వాడేస్తాయి, మిగతా ధాన్యం నిలవుంటుంది. పాతకాలపు ఇళ్లు, సేద్యం చేసి చూసేందుకు 1972లో మొదలైన బట్సర్ ప్రయోగ క్షేత్రంలో పీటర్ రేనాల్డ్స్ దీన్ని చేసి చూపారు.

అపోహ: కప్పు నడిమధ్య పొగగూడు ఉండేది.

పెడితే గాలి లాగి, నిప్పురవ్వలు గడ్డికి అంటుకుంటాయి. పొగ గడ్డిలోంచే మెల్లగా పోతుంది.

అపోహ: డ్రోన్ ఎగరేస్తే అన్నీ కనిపిస్తాయి.

1976, 2018 లాంటి ఎండల వేసవిలో, బార్లీ, గోధుమ పండే ముందు, సుద్ద నేలల్లో, గులక నేలల్లో ఈ జాడలు పైరులో బాగా కనిపిస్తాయి. కాలవ పూడిక తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి దానిపై పైరు ఎత్తుగా, ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది. బరువైన బంకనేలలో ఈ తేడా తక్కువ. ఏమీ కనపడలేదంటే ఏమీ లేదని కాదు.

అపోహ: మాగ్నెటోమీటర్ పటమే ఇంటి ప్లాను.

మాగ్నెటోమీటర్ నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే పరికరం. దాన్ని పట్టుకుని మీటరుకో వరుస చొప్పున నడిస్తే 30 సెంటీమీటర్ల గుంజ గుంత వరుసల మధ్య జారిపోతుంది. అర మీటరుకు తగ్గించాలి. అప్పటికీ అందులో కాలిన మట్టి, చెత్త లేకపోతే సంకేతం బలహీనమే. విరిగిన నాగలి ముక్కలు, పరికరం పట్టిన మనిషి బెల్టు బకిల్ మాత్రం గట్టిగా పలుకుతాయి!

అపోహ: వలయం ఎంత వెడల్పో ఇల్లూ అంతే.

ఎక్కువ తప్పులు ఇక్కడే. పైరులోనో పటంలోనో గుండ్రంగా కనిపించే ఆ వలయం చాలాసార్లు గోడ కాదు, చూరునీళ్ల కాలవ. గోడ దానికి లోపల ఉంటుంది, కాబట్టి ఇల్లు చిన్నదే. కాలవ అంచులు వాలుగా, పూడిక పొరలు పొరలుగా ఉంటే నీళ్లది. అంచులు నిటారుగా ఉండి, గుంజలకు దట్టించిన రాళ్లు దొరికితే గోడది. మట్టిగోడైతే జాడే ఉండకపోవచ్చు. అప్పుడు లోతుగా పాతిన రెండు ద్వారపు గుంజల గుంతలే దిక్కు. ద్వారం ఎక్కువగా తూర్పుకో ఆగ్నేయానికో ఉంటుంది.

ఇక తవ్వేటప్పుడు, తవ్వే యంత్రానికి పళ్లులేని బకెట్ తగిలించి పై మట్టిని పలచగా గీకించండి. నేల ఆరితే రంగుల తేడా మాయమవుతుంది, నీళ్లు చిలకరించాలి. గుంత సగమే తవ్వి నిలువుకోత గీయండి: గుంజ కుళ్లిన నల్లటి నిలువు మరక, చుట్టూ దట్టించిన మట్టి విడివిడిగా తెలుస్తాయి. కాలవలో ద్వారం వైపు కొసలను వదలొద్దు, చెత్త ఎక్కువగా అక్కడే పడి ఉంటుంది. 40 లీటర్ల మట్టి తీసి నీళ్లలో తేలిస్తే మాడిన గింజలు దొరుకుతాయి. కాలనిర్ణయానికి ముసలి ఓక్ బొగ్గుకన్నా ఒక్క గింజ మేలు. అదీ క్రీ.పూ. 800–400 మధ్యదైతే రేడియోకార్బన్ కొలతను సంవత్సరాలుగా మార్చే వక్రరేఖ అక్కడ చదునుగా ఉండి, తేదీ శతాబ్దాల వెడల్పున వస్తుంది. అప్పుడు కుండ పెంకులనే అడగాలి.