వెబ్‌సైట్ మెనూలు, పేర్లు, దారులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏది కావాలన్నా మూడు క్లిక్కుల్లో దొరకాలి.

వాస్తవం: వెబ్‌సైట్లు, యాప్‌లు డిజైన్ చేయడం నా పని. క్లయింట్ల నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. జనం వెబ్‌సైట్లు వాడే తీరును 2003లో వెబ్ డిజైన్ పరిశోధకుడు జాషువా పోర్టర్ పరిశీలించి, మూడు క్లిక్కులు దాటినంత మాత్రాన వాళ్లు వదిలేసి వెళ్లిపోవడం లేదని తేల్చాడు. వెళ్తున్న దారి సరైనదేనని నమ్మకం కలుగుతుంటే ఆరో క్లిక్కూ బరువు కాదు. మూడింటికి కుదించాలని మొదటి పేజీలోనే నలభై లింకులు కుక్కితే, ఆ మొదటి క్లిక్కు దగ్గరే మనిషి ఆగిపోతాడు.

అపోహ: మెనూలో ఏడుకు మించి ఉండకూడదు.

వాస్తవం: ఈ ఏడు 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాసిన వ్యాసంలోది. అది మనసులో పట్టి ఉంచుకోగలిగే వాటి సంగతి. మెనూ కళ్లెదుటే ఉంటుంది కదా, గుర్తుపెట్టుకోవాల్సిన పనేముంది?

అపోహ: విభాగాల పేర్లు ఆఫీసువాళ్లకు తెలుసు, వాళ్లనడిగితే చాలు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. భూమి కాగితాల యాప్ ఒకటి చేస్తున్నప్పుడు, సేవల పేర్లు కార్డుల మీద రాసి రైతుల ముందు పరిచాం. ఏవి ఒకచోట ఉండాలో వాళ్లే సర్దాలి. నల్గొండ నుంచి వచ్చిన పెద్దాయన ‘అడంగల్’ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. కార్డులన్నీ వెతికి, "గిందుల పహాణీ ఏడున్నది బిడ్డా?" అని అడిగాడు. ఆయన పక్కన పెట్టింది దాన్నే! పొలం ఎవరిది, ఏ పంట వేశారు అని చెప్పే ఆ కాగితం ఒకటే: ఆంధ్రాలో అడంగల్, తెలంగాణలో పహాణీ. ‘భూ యాజమాన్య సేవలు’ అనే కార్డునైతే ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజే పేర్లు మార్చాం. మెనూలో ఏ రాష్ట్రం వారికి ఆ రాష్ట్రం మాట పెట్టాం. వెతుకులాట పెట్టెలో మాత్రం ఏ మాట కొట్టినా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా, అదే కాగితం వచ్చేలా చేశాం.

అపోహ: డిజైన్ ఇంగ్లీషులో పూర్తిచేసి, తర్వాత తెలుగు మాటలు నింపుకోవచ్చు.

వాస్తవం: ‘రాష్ట్రం’ అని టైపు చేసి చూడండి. ష కింద రెండు వత్తులున్నాయి. ఇంగ్లీషుకు సరిపడా పెట్టిన లైను ఎత్తులో వాటి అడుగు తెగిపోతుంది, లేదా కింది లైను గుడులకు తగులుతుంది. ‘సమర్పించండి’ అనే మాట బటన్ దాటి బయటికొస్తుంది. నేను మొదటి స్క్రీనే తెలుగులో గీస్తాను, అదీ ఇలాంటి వత్తుల మాటలతోనే.