హాప్స్ తీగ ఒక్కపొద్దు

బెంగళూరులో ఉద్యోగం చేసే నా పాత విద్యార్థి ఒకడు అనంతపురంలో వాళ్ళ మిద్దె మీద హాప్స్ తీగ పెంచుతున్నాడు. బీరుకు చేదు, వాసన ఇచ్చేది ఈ తీగ పూలే. పోయిన నెల ఫోన్ చేసి, "సార్, జర్మనీలో ఇది ఇరవై అడుగులు పాకుతుందంట. మా ఇంట్లో నడుమెత్తు కూడా రాకముందే పూతకొచ్చేసింది. ఎండకు తట్టుకోలేకనా?" అని అడిగాడు. వెళ్ళి చూశాను. ఆకులు ద్రాక్ష ఆకుల్లా పచ్చగా ఉన్నాయి. కణుపుల దగ్గర చిటికెనవేలి గోరంత పూలు, పదో పన్నెండో. ఎండదెబ్బ తిన్న మొక్క అలా ఉండదు. దాని ఇబ్బంది మన ఎండతో కాదు, మన రాత్రితో.

హాప్స్‌కు పేరుపడ్డ జర్మనీ హాలర్‌టౌ ప్రాంతంలో జూన్ 21న పగలు 16 గంటలు దాటుతుంది, రాత్రి 8 గంటలు కూడా ఉండదు. అదే రోజు అనంతపురంలో పగలు దాదాపు 13 గంటలు, రాత్రి 11. డిసెంబరులో మన పగలు 11 గంటల పావుకు దిగుతుంది. అంటే మన దగ్గర ఏడాదిలో ఏ రాత్రీ 11 గంటలకు పెద్దగా తగ్గదు. హాప్స్ కొన్ని కణుపులు వేశాక, పగలు సుమారు 16 గంటలకు లోపు ఉంటే పూతకు వస్తుంది. అక్కడ వసంతం నుంచి జూన్ దాకా పొడవు పగళ్ళలో ఆరేడు మీటర్లు పాకి, ఆ తర్వాత పూస్తుంది. ఇక్కడ మొలక బయటికొచ్చిన నాటినుంచే "పూత వేళయింది" అన్న కబురు అందుతుంది.

ఇలాంటి వాటిని ఇంటర్‌లో 'హ్రస్వ దీప్తికాల మొక్కలు', అంటే చిన్న పగటి మొక్కలు అని రెండు మార్కుల ప్రశ్నగా చదివిస్తాం. ఆ పేరే పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. మొక్క కొలిచేది పగటిని కాదు, చీకటిని. 'దీర్ఘ రాత్రి మొక్కలు' అని మొదటి రోజే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది. క్లాసులో నేను దీన్ని ఒక్కపొద్దుతో పోల్చి చెప్పేవాణ్ణి.

ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు అన్నం ముట్టరు. ఈ మొక్క రాత్రంతా వెలుతురు ముట్టదు. ఆ ఉపవాసం తెగకుండా తగినన్ని గంటలు సాగితేనే ఫలం, అంటే పూత. ఆరు గంటలు ఉండి, మధ్యలో ఒక గుక్క కాఫీ తాగి, మళ్ళీ ఆరు గంటలుంటే దాన్ని పన్నెండు గంటల ఒక్కపొద్దు అనం కదా. మొక్క లెక్కా అంతే. 1938లో కార్ల్ హామ్నర్, జేమ్స్ బానర్ అనే శాస్త్రవేత్తలు ఒక కలుపు మొక్క మీద ఈ సంగతి చూపించారు. రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే పూత ఆగిపోయింది. పగటిపూట కాసేపు చీకట్లో పెడితే ఏమీ కాలేదు. ఆ కలుపు మొక్క మనకు బాగా తెలిసిందే. చేనిగట్ల మీద మొలిచి, గొర్రెల బొచ్చుకూ మన పంచెలకూ ముళ్ళకాయలు అంటించే మరులమాతంగి!

ఇంకో విశేషం. ఆ మొక్కలో ఒక్క ఆకు చీకటిని పాటించినా చాలు, మొక్కంతా పూస్తుంది. ఇంట్లో అమ్మ ఒక్కతే ఒక్కపొద్దు ఉంటే పుణ్యం ఇంటిల్లిపాదికీ వచ్చినట్టు. ఆకులో తయారైన ఎఫ్‌టీ అనే ప్రోటీన్ నాళాల గుండా కొనకు చేరి పూమొగ్గను వేయిస్తుంది.

వెలుతురు తగిలినట్టు ఆకుకు తెలిపేది ఫైటోక్రోమ్ అనే వర్ణకం. దానికి రెండు రూపాలు. 660 నానోమీటర్ల ఎర్ర కాంతి పడితే ఒకటి రెండోదిగా మారుతుంది, 730 నానోమీటర్ల దూర ఎరుపు (కంటికి సరిగ్గా ఆనని ముదురు ఎరుపు) పడితే వెనక్కి వస్తుంది. రాత్రి నడుమ ఎర్ర కాంతి వేస్తే ఉపవాసం చెడుతుంది. వేసిన వెంటనే దూర ఎరుపు వేస్తే చెడదు. నీళ్ళు నోట్లో పోసుకుని, మింగకుండా పుక్కిలించి ఉమ్మేస్తే ఒక్కపొద్దు చెడనట్టే! అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు 1952లో దీన్ని గమనించారు. మొక్క లోపలి గడియారం కూడా ఈ లెక్కలో పాలుపంచుకుంటుంది. రాత్రి ఏ వేళలో దీపం పడిందన్నదీ లెక్కలోకి వస్తుంది.

పొద్దుగూకాక చెట్టును తాకొద్దు, నిద్రపోతుంటుంది అని మా అవ్వ అనేది. ఆ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. కానీ ఆ వేళ ఆకు నిద్రపోదు, గంటలు లెక్కపెట్టుకుంటూ మేలుకునే ఉంటుంది.

అనంతపురం నుంచి రాత్రి బస్సులో బెంగళూరు పోయేవాళ్ళు చిక్కబళ్ళాపురం వైపు చామంతి తోటల్లో వరుసగా వెలిగే బల్బులు చూసే ఉంటారు. అది పెళ్ళి సందడి కాదు. చామంతి కూడా దీర్ఘ రాత్రి మొక్కే. కాడ పొడవు పెరిగేదాకా దాని ఒక్కపొద్దు చెడగొట్టి, తర్వాత బల్బులు ఆర్పేస్తారు. దక్షిణాఫ్రికాలో హాప్స్ రైతులు చాలాకాలం చేసింది ఇదే. ఫ్లోరిడాలోనూ ఎల్ఈడీలతో ఇలాగే పండించి చూశారు.

మావాడికి చెప్పిందీ అదే. ఏప్రిల్, మే నెలల్లో మనకు 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వానలు మొదలయ్యాక నాటు. పొద్దుగూకినప్పటి నుంచి రాత్రి పదిన్నర దాకా తీగ పొడవునా పసుపు వెలుగు బల్బులు వెయ్యి. తీగ మిద్దె మీది పందిరి అందుకున్నాక వెలుతురును ఒక్కసారిగా ఆపకు, వారాల తరబడి తగ్గించు. ఉన్నట్టుండి మరీ చిన్న పగటికి పడితే తీగ పూయడం మాని నిద్రావస్థకు జారుకోవచ్చు. తాడుకు చుట్టేటప్పుడు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టు, చిక్కుడుకు చుట్టినట్టు కాదు. ఆడ మొక్కే కావాలి, చేదు పూగుత్తులు దానికే కాస్తాయి.

ఇది గంజాయి కుటుంబపు మొక్క, అయినా గంజాయి మత్తు దీంట్లో లేదు. ఇరుగుపొరుగుకు ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. తీగ పెంచుకోవచ్చు గానీ, లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం మన రాష్ట్రంలో నేరం. బెంగళూరులో బీరు తయారుచేసే మిత్రులకు ఎండు గుత్తులు ఇవ్వాలన్నది వాడి ఆలోచన.

కోతకు వచ్చిన గుత్తి ఎలా ఉంటుందో వాడు తెచ్చిచ్చిన ఎండు నమూనాలో చూశాను. గోటితో పొలుసులు విప్పితే మొదట్లో పసుపు పొడి మెరిసింది. వేళ్ళకు జిగురుగా అంటుకుంది. నాలుకకు తగిలించాను, వేపపువ్వును మించిన చేదు. ఆ పొడే లుపులిన్, హాప్స్ చేదుకూ వాసనకూ మూలం. తీగ మీది గుత్తి నొక్కితే కాగితంలా గరగరమని, వదిలితే మళ్ళీ పొంగితే కొయ్యాలి. పచ్చి గుత్తిలో ముప్పాతిక వంతు నీరే. ఎండలో పోయకుండా, నీడలో ఫ్యాను గాలికి పలచగా పరిచి, నడిమి కాడ వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టాలి.

ఆరిన గుత్తుల్ని కూడా చీకట్లోనే దాచాలి. గుత్తుల్లోని ఆల్ఫా ఆమ్లాలు కాచేటప్పుడు రూపం మారి బీరుకు చేదు ఇస్తాయి. అలా తయారైన బీరు మీద ఎండ పడితే ఆ చేదు పదార్థాలు విరిగి, గంధకంతో కలిసి ముక్కు మూసుకునేంత కంపు కొడతాయి. బీరు సీసాలు ముదురు గోధుమ రంగులో ఉండేది అందుకే.