బాబాయి హోటల్ చుట్టూ ఉన్న బెజవాడ

గాంధీనగర్‌లోని బాబాయి హోటల్ గురించి ఎవరు రాసినా రెండు సంగతులు తప్పవు: ఇడ్లీ మీద వెన్న, బల్లల దగ్గర సినిమా తారలు. వెన్న మాట అలా ఉంచితే, తారల జాబితా మాత్రం ఏటేటా పెరుగుతూ ఉంటుంది. ఎవరు ఎన్నిసార్లు వచ్చారో తేల్చే పుస్తకం ఏ హోటల్ గల్లాలోనూ ఉండదు కనుక ఆ వాదనలోకి దిగడం వృథా. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ రోజుల్లో సినిమాలు తీసింది మద్రాసులో కదా, సినిమావాళ్లు పొద్దున్నే బెజవాడలో ఎందుకు కూర్చున్నారు?

జవాబు డబ్బులో ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల వరి, పొగాకు, మిరప సొమ్ము సినిమాల్లోకి ప్రవహించిన దారి బెజవాడే. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఊరు ఇది. తరువాతి దశాబ్దాల్లో నవయుగ వంటి పంపిణీ సంస్థలు ఇక్కడ పుట్టాయి. గాంధీనగర్ వీధులు డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులతో నిండిపోయాయి. నిర్మాతకు చేతిలో కథ, నటుల కాల్షీట్లు ఉన్నా, సినిమా మొదలవ్వాలంటే పంపిణీదారు అడ్వాన్సు ఇవ్వాలి. అందుకోసం మద్రాసులో రాత్రి రైలెక్కి సుమారు 430 కిలోమీటర్లు వస్తే తెల్లవారేసరికి బెజవాడ. స్టేషన్ పక్కనే గాంధీనగర్. ఆఫీసులు తెరిచేది మాత్రం పది గంటలకు. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు గంటలే బెజవాడ టిఫిన్ హోటళ్లకు పేరు తెచ్చాయని నా అభిప్రాయం. ప్రముఖుల అడ్డా అనగానే మనకు సాయంకాలాలు, మెత్తని కుర్చీలు గుర్తొస్తాయి. ఇక్కడ జరిగిందంతా పొద్దున, చెక్కబల్లల మీద.

వెనకబల్లల వాళ్ల గురించి ఎవరూ రాయరు. వాళ్లు ఫిలిం రిప్రజెంటేటివ్‌లు. సినిమా విడుదలైతే రీళ్ల పెట్టెతో పాటు వీళ్లూ ఊరూరికీ వెళ్లేవారు. హాల్లో ఎన్ని టికెట్లు తెగాయో లెక్కపెట్టి, రోజువారీ కలెక్షన్ రిపోర్టు రాసి ఆఫీసుకు పంపడం వాళ్ల పని. ‘బాక్సు వచ్చిందా’ అన్న ప్రశ్న మీద ఒక్కో హాలువాళ్ల గుండె కొట్టుకునేది. ఏ సినిమా ఆడుతుంది, ఏది వారానికే తిరిగివస్తుంది అన్న వార్త పత్రికల కంటే ముందు వీళ్ల నోటి నుంచి కాఫీ గ్లాసుల మీదుగా ఊళ్లోకి పాకేది. తారలు ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే అతిథులు. హోటల్‌ను ఏడాది పొడుగునా నిలబెట్టింది వీళ్లూ, వీళ్ల ఖాతాలూ.

రచయితలు రావడానికి కారణాలు వేరు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. నాటకాలకు, ప్రసంగాలకు, పాటలకు పారితోషికం దొరికే చోటు ఏర్పడింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ భక్తిరంజని కార్యక్రమానికి శ్రీకారం చుట్టింది ఈ కేంద్రంలోనే. 1952లో విశాలాంధ్ర దినపత్రిక, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడి నుంచే వెలువడ్డాయి. ఏలూరు రోడ్డు పుస్తక ప్రచురణకర్తల వీధి అయింది. విశ్వనాథ సత్యనారాయణ పాఠం చెప్పిన ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీ, ఆయన దగ్గర చదువుకున్న ఎన్టీఆర్ సంగతి అందరికీ తెలిసిందే. విద్యార్థి దశలో ఎన్టీఆర్ ఈ ఊరి హోటళ్లకు పాలు పోసేవారన్నది ఆయన జీవితకథలో స్థిరపడ్డ విషయం. బాబాయి హోటల్ స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది కనుక ఆ పాలకూ దానికీ ముడివేసి కథలు అల్లేవారున్నారు. నాకైతే ముడి వేయకుండానే ఆ కథ బాగుంటుంది.

ఇన్ని వృత్తులు కొద్ది మైళ్ల లోపే చేరాయి. ప్రూఫులు దిద్దేవాడు, రేడియోకు నాటిక రాసేవాడు, సినిమాకు మాటలు రాయాలని ఆశపడేవాడు తరచు ఒకే మనిషి. అతనికి వన్ బై టూ కాఫీకి సరిపడా డబ్బు, గంటసేపు లేవమనని సర్వరు ఉంటే చాలు.

ఈ తీపి జ్ఞాపకాల్లో వినపడని సంగతి ఒకటుంది. ఆ తరం కాఫీ హోటళ్లు అందరికీ తెరిచి ఉండేవి కావు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా బ్రాహ్మణ కాఫీ హోటళ్ల బోర్డులు, వేరు బల్లలు మామూలే. 1950లో రాజ్యాంగం 15వ అధికరణలో హోటళ్ల పేరెత్తి మరీ వివక్షను నిషేధించవలసి వచ్చింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దానికి శిక్ష చేర్చింది. సాహితీ చర్చలు సాగిన బల్లల దగ్గర ఎవరికి కుర్చీ దొరికేది కాదో కూడా ఆ చరిత్రలో రాయాలి.

1970ల నుంచి పరిశ్రమ మెల్లగా హైదరాబాదుకు తరలింది. 1992లో జంధ్యాల ఈ హోటల్ పేరుతోనే సినిమా తీసేనాటికి అది అప్పటికే ఒక జ్ఞాపకం పేరు. అసలు దెబ్బ మాత్రం ఆ తరువాత తగిలింది. 2000ల రెండో సగం నుంచి డిజిటల్ ప్రదర్శన వచ్చింది. సినిమా ఉపగ్రహం మీదుగా నేరుగా హాలుకు చేరుతుంటే పెట్టెలు మోసే పని లేదు, రైలు కోసం కాచుకునే పని లేదు. పంపిణీ వ్యాపారం పోలేదు గానీ, దానికి వీధి అవసరం పోయింది. పత్రికల, రేడియోల కథా అంతే. రచయిత తన రాతను ఫోనులోంచి పంపుతున్నాడు.

బాబాయి హోటల్ ఇడ్లీ ఇప్పటికీ దొరుకుతుంది, వెన్నతోనే. పాత హోటళ్లను కాపాడాలని పిలుపునిచ్చేవారు వంటకాలను, గోడమీది ఫొటోలను తలుచుకుంటారు. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల లెడ్జర్లు, కలెక్షన్ రిపోర్టులు, పోస్టర్లు ఎవరి అటకల మీదనైనా మిగిలి ఉంటే, ముందుగా సేకరించవలసినవి అవి. ఏ ఊళ్లో ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో, ఆ ఊరి చేతిలో అప్పుడు ఎంత డబ్బుండేదో వాటిలోనే తెలుస్తుంది.