స్టీరింగ్ తిప్పితేనే గరగర ఎందుకు?

నేరుగా పోతున్నంతసేపూ కారు బుద్ధిగానే ఉంటుంది. స్టీరింగ్ తిప్పగానే కింద ఎక్కడో గరగర మొదలవుతుంది. తీరా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆ రోజు కిమ్మనదు. మనం నోటితో ఆ చప్పుడు చేసి చూపిస్తాం, అతను తలూపుతాడు. గరగరో, కరకరో, ఒక్కో చెవికి ఒక్కోలా వినిపిస్తుంది. అందుకే చప్పుడు ఎలా ఉందన్నది నేను పెద్దగా పట్టించుకోను. ఎప్పుడు వస్తోందో చూస్తే సగం పని అయిపోతుంది.

ముందుగా కారు నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. అప్పుడూ చప్పుడు వస్తే, చక్రం దొర్లడం లేదు కాబట్టి వీల్ బేరింగ్ (చక్రం నున్నగా తిరిగేలా చూసేది) మీద, బ్రేక్ డిస్క్ (బ్రేక్ వేస్తే ప్యాడ్లు నొక్కే ఉక్కు పళ్లెం) మీద అనుమానం దాదాపు పోయినట్టే. ముందు స్ప్రింగు పైభాగంలో చిన్న బేరింగ్ ఒకటి ఉంటుంది. చక్రంతో పాటు స్ప్రింగు తిరగాలంటే అదే ఆధారం. అది పట్టేస్తే స్ప్రింగు మెలిపడి, ఒక్కసారిగా టంగుమని వెనక్కి వస్తుంది. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద బయటి నుంచి అరచేయి ఆనిస్తే (చుట్ల మధ్య వేళ్లు పెట్టకూడదు) ఆ కుదుపు చేతికే తెలుస్తుంది. ఆయిల్‌తో నడిచే పవర్ స్టీరింగ్ అయితే ఆయిల్ తగ్గి గాలి చేరినా పంపు మూలుగుతుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే బిగపట్టి ఉంచితే పంపు మీద ఒత్తిడి తారస్థాయికి చేరుతుంది, కొన్ని సెకన్లకు మించి అలా పట్టుకోవద్దు. మోటారుతో పనిచేసే స్టీరింగ్‌కు ఈ ఆయిల్ గొడవే లేదు.

కదులుతున్నప్పుడు మాత్రమే చప్పుడు వస్తే కథ వేరు. బస్సు మలుపు తిరిగితే నిలబడ్డవాళ్లు బయటివైపుకు తూలుతారు కదా, కారు బరువూ అలాగే జరుగుతుంది. ఎడమకు తిప్పితే కుడి చక్రాల మీద భారం పెరుగుతుంది. బేరింగ్ లోపల ఉక్కు గుండ్లు నున్నటి రింగుల మధ్య గ్రీజులో దొర్లుతుంటాయి. రింగు మీద చిన్న గుంట పడితే చాలు, ప్రతి గుండూ దాని మీదుగా ఎగిరిపడుతూ పోతుంది. భారం పెరిగిన కొద్దీ ఆ గరుకు మోత పెద్దదవుతుంది. అందుకే ఎడమ మలుపులో మోత పెరిగితే ముందు కుడి బేరింగ్‌ను అనుమానించాలి. ఇది గుడ్డిగా నమ్మే సూత్రం మాత్రం కాదు, అప్పుడప్పుడు తప్పుతుంది. ఖాయం చేసుకోవాలంటే కారును స్టాండ్ల మీద నిలబెట్టి (ఒట్టి జాక్‌ను నమ్మొద్దు) ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతిని స్ప్రింగు మీద ఉంచాలి. పాడైన బేరింగ్ ఇసుకలో దొర్లుతున్నట్టు చేతికి తగులుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోందా? అయితే ఆ బండి నడపొద్దు.

గరగర కాకుండా టకటక అంటే అది ఆక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్ పని. చక్రం పక్కకు తిరిగినా ఇంజిన్ తిప్పుడును సమాన వేగంతో దానికి అందించే కీలు అది. పాతకాలపు హుక్ జాయింట్‌ను (రెండు కడ్డీలను కలిపే శిలువ ఆకారపు కీలు) వంచి తిప్పితే వేగం సమంగా ఉండదు, ఒక్క చుట్టులోనే రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920లలో ఆరు ఉక్కు గుండ్లతో దీనికి విరుగుడు కనిపెట్టాడు. జాయింట్ ఎంత వంగినా గుండ్లు ఎప్పుడూ ఆ వంపుకు సరిగ్గా నడిమధ్య తలంలో ఉంటాయి, దాంతో వేగం సమానంగా అందుతుంది. 1959లో వచ్చిన మినీ కారు ముందు చక్రాలకు ఈ తరహా జాయింట్లే వాడింది. ఇంత తెలివైన యంత్రం ప్రాణం దాన్ని కప్పి ఉంచే ఒక రబ్బరు బూటులో ఉంది! అది చిరిగితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. చక్రం లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే బూటు పోయినట్టే. చప్పుడు ఇంకా మొదలవకపోతే శుభ్రం చేసి, గ్రీజు నింపి, కొత్త బూటు వేస్తే సరిపోవచ్చు. టకటక మొదలయ్యాక జాయింట్ మార్చాల్సిందే.

బేరింగ్ పోయిందని నేనే ఒకసారి ఖాయం చేసుకున్నాను. ఖర్చెంతో అని టెన్షన్ కూడా పడ్డాను. చక్రం విప్పి చూస్తే డిస్క్ వెనక ఉండే పల్చటి రేకుకూ డిస్క్‌కూ మధ్య గోరంత రాయి. డిస్క్ మీద గుండ్రంగా ఒక మెరిసే గీత పడి ఉంది. రేకును వేలితో కాస్త వంచితే రాయి టప్పుమని కింద పడింది. మరమ్మతు అంతే. అప్పటి నుంచి ఏదీ మార్చకముందు చక్రం విప్పి చూడటం అలవాటైంది. చక్రం విప్పినప్పుడు బ్రేక్ ప్యాడ్లూ చూడండి. అరగాల్సిన పొర 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే టైమే. అది పూర్తిగా అరిగితే ఇనుము ఇనుమును గీకుతుంది, అప్పుడు డిస్క్ కూడా పోతుంది.

బేరింగే పోయిందనుకోండి, దాన్ని సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకండి. ప్రెస్‌తో ఎక్కించేటప్పుడు కూడా బిగుతుగా కూర్చునే రింగు మీదే ఒత్తాలి. బయటి రింగును కూర్చోబెట్టడానికి లోపలి రింగును నొక్కితే ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి, చక్రం ఒక్క చుట్టు తిరగకముందే గుంటలు పడతాయి. ఆక్సిల్ నట్టును కంపెనీ చెప్పిన కొలతకు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాలి. వారం తిరక్కుండానే అదే మలుపులో అదే గరగర వస్తే, కొత్త బేరింగ్‌ను తిట్టే ముందు దాన్ని ఎలా ఎక్కించారో అడగండి.